ఆంగ్‌కోర్ పోవుటకు ముందు



గొలుగొండ నుండి ఒక శ్రోత మాకు ఉత్తరము వ్రాసినారు. ఉపాధ్యాయవృత్తి నుండి ఈ మధ్యనే విరమించిన వారు. చేతికి వచ్చిన డబ్బులో కొంత తీసి, భార్యను, 72 ఏండ్ల తల్లిని, 10 ఏండ్ల మనుమని వెంటబెట్టుకొని కంబోడియా దేశమునకు పోయి, ఆంగ్‌కోర్ ఆలయములు చూచి రావలెనని వారి సంకల్పము. ఉత్తరముతోపాటు ఎవరో ప్రయాణపు ఏర్పాట్లు చేయువారు ఇచ్చిన కాగితము నొకదానిని కూడ పంపినారు. అందులో 5 దినములలో రెండు దేశములు, 14 ఆలయములు, ఒక సరస్సు, రెండు బజారులు ఉన్నవి. "మా అమ్మతో ఇది సాగునా? సాగనిచో ఏది విడువవలెను?" అని వారి ప్రశ్న.

ఇది ఆ ఒక్క ఇంటి ప్రశ్న కాదు. ఒకప్పుడు కాశీరామేశ్వరములు పోయివచ్చినచో జన్మకు చాలుననుకొన్న ఇండ్లలో ఇప్పుడు పాస్‌పోర్టులు ఉన్నవి. అయితే ఆ యాత్రకు తరతరములుగా ఏర్పడిన పద్ధతి యొకటి ఉండెడిది. ఏ మాసమున బయలుదేరవలెను, ఎక్కడ దిగవలెను, ఏమి వండుకొనవలెను అన్నవి పెద్దలు చెప్పెడివారు. ఈ కొత్త యాత్రలకు అట్టి పెద్దలు ఇంకను ఏర్పడలేదు. అచ్చుకాగితమే పెద్ద అయినది. అందుచేత సమాధానమును ఆకాశవాణి ద్వారముననే చెప్పుచున్నాను.

కంబోడియా వేడి దేశము, జాగ్రత్త అని గొలుగొండ వారికి చెప్పబోవుట నవ్వులపాలగుటయే. రోహిణికార్తెలో ఆ కొండల నడుమ గాలి స్తంభించినప్పుడు ఎట్లుండునో వారికి తెలియును. కాని ఒక వింత గమనించినాను. ఇంటివద్ద ఉన్నంతకాలము మనము ఎండతో చాల తెలివిగా మెలగుదుము. పొలమునకు పోవు రైతు తెల్లవారకముందే పోవును. పొద్దెక్కగానే చెట్టునీడ చేరును. మరల పొద్దు వాలిన పిమ్మటగాని కదలడు. ఆ రైతే యాత్రకు పోయినచో, పదకొండు గంటలకు ఫలహారము ముగించి, పన్నెండు గంటలకు రాతిమెట్లు ఎక్కనారంభించును. ఊరి పొలిమేర దాటగానే ఊరి జ్ఞానము అక్కడనే విడిచిపెట్టి పోవుచున్నాము. ఉపాధ్యాయులవారు పంపిన కాగితములో మధ్యాహ్నము 12 మొదలు 3 వరకు మూడు ఆలయములు వ్రాసి ఉన్నవి. మొట్టమొదట కొట్టివేయవలసినవి ఆ మూడు గంటలు.

ఇక కాలమును గూర్చి. ఆ దేశమునకును మనవలెనే నైరుతి ఋతుపవనము వాన తెచ్చును. మే నుండి అక్టోబరు వరకు వానలు. నవంబరు నుండి ఫిబ్రవరి నడిమి వరకు హాయిగా ఉండును. మార్చి, ఏప్రిలు ఎండలు మన ఎండలకు ఏమాత్రము తీసిపోవు. ఏప్రిలు నడుమ, సూర్యుడు మేషరాశిలో ప్రవేశించు దినములలో, వారికి సంవత్సరాది. అప్పుడు జనమంతయు సొంత ఊళ్ల దారి పట్టుదురు. ఈ లెక్కనుబట్టి నవంబరే మంచిదనిపించును. కాని మన వైపు సంగతి కూడ చూచుకొనవలెను గదా! అక్టోబరు, నవంబరు మాసములు మన తీరమునకు తుపానుల కాలము. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు విశాఖపట్నపు విమానాశ్రయము దెబ్బతిని కొన్ని దినములు మూతపడినది. వరికోతలు కూడ ఆ వెంటనే వచ్చును. కనుక ధాన్యము ఇల్లు చేరి, సంక్రాంతి పండుగ వెళ్లిన తరువాత, జనవరి చివరి వారము నుండి ఫిబ్రవరి నడిమి వరకు గల రోజులే గొలుగొండ వారికి తగినవని నా అభిప్రాయము. మనుమని పరీక్షలకు కూడ అడ్డు రాదు.

ఇప్పుడు నేను చెప్పబోవునది ఆ కాగితములో లేని యాత్ర. ఆంగ్‌కోరునకు డబ్బు కట్టుటకు ముందు, ఒక ఆదివారము కుటుంబమంతయు శంకరము పోయి రావలెను.

అనకాపల్లి పట్టణమునకు మూడు నాలుగు కిలోమీటర్ల దూరమున శంకరము గ్రామమున్నది. సంఘారామమను మాటయే శంకరమైనదని చెప్పుదురు. అక్కడ తూర్పున బొజ్జన్నకొండ, పడమట లింగాలకొండ. 1907, 1908 సంవత్సరములలో అలెగ్జాండర్ రీ అను పురావస్తుశాఖాధికారి ఇక్కడ త్రవ్వకములు జరిపించినాడు. సముద్రగుప్తుని బంగారు నాణెము, తూర్పు చాళుక్యుల రాగినాణెములు దొరకినవి. బొజ్జన్నకొండ మీద రాతిని తొలిచిన గుహలు ఉన్నవి. ఒక గుహలో స్తంభముల నడుమ, కొండరాతి నుండియే చెక్కిన స్తూపము, దాని చుట్టు ప్రదక్షిణకు చోటు ఉన్నవి. లింగాలకొండ మీద రాతి స్తూపములు చిన్నవి పెద్దవి వరుసలుగా నిలిచి ఉన్నవి. వానిని చూచిన జనము శివలింగములనుకొని ఆ కొండకు ఆ పేరు పెట్టినారు. కనుమనాడు అక్కడ తీర్థము జరుగును. ఒకప్పుడు ఆ తీర్థమునకు వచ్చినవారు, బొజ్జవలె ఉబ్బెత్తుగా కన్పించు కట్టడము నొకదానిని రాక్షసుడని తలచి రాళ్లు రువ్వెడివారు. పురాతన కట్టడముల రక్షణకు పాటుపడువారు నచ్చజెప్పగా ఆ ఆచారము ఆగినది. తాము చూచుచున్నది ఏమిటో తెలియనివాని చేతిలో రాయి ఎంత సులభముగా లేచునో తెలిసినది గదా! నేడు మన చేతులలో రాయికి బదులు ఫోటో తీయు ఫోను ఉన్నది. అది గోడకు తగులదు, అంతే.

శంకరము పోవుట పరీక్ష కొరకు. అమ్మగారు ఎన్ని మెట్లు ఎక్కగలరు, ఎన్ని మెట్లకొకసారి కూర్చుండవలెను? నలుగురకు రెండు గంటలలో ఎన్ని సీసాల నీరు పట్టినది? మనుమడు ఎంత సేపటికి విసిగినాడు? ఇవి అన్నియు ఒక చిన్న పుస్తకములో వ్రాసికొనవలెను. ఏ ప్రయాణపు ఏర్పాట్లవారును ఈ అంకెలు చెప్పలేరు. ఇంకొక పరీక్ష కూడ ఉన్నది. విరిగిన ఇటుకగోడ ఎదుట నిలిచి, ఇది గదియా, ద్వారమా, ఇక్కడ నీరు ఎట్లు వచ్చెడిది అని తమలో తాము ఒక గంట మాటలాడుకొనుట సంతోషముగా ఉన్నదా? ఉన్నచో ఆంగ్‌కోర్ పొండి. లేనిచో ఆ డబ్బు దాచుకొని మనుమని చదువునకు వినియోగించుట మేలు. నేను కటువుగా చెప్పుచున్నానని అనుకొనవద్దు. విరామపు డబ్బు మరల రాదు.

పరీక్ష నెగ్గినారనుకొందము. అప్పుడు సూర్యునిబట్టి దినములను పంచుకొనవలెను.

ఆంగ్‌కోర్ ఆలయములకు టిక్కెట్టు మూడు విధములు. 2017లో వానిని ఒక దినమునకు 37, మూడు దినములకు 62, ఏడు దినములకు 72 అమెరికా డాలర్లుగా నిర్ణయించినారు. పోవు ఏటి వెల అప్పుడు విచారించుకొనవలెను. 12 ఏండ్లు నిండని పిల్లలకు టిక్కెట్టు లేదు, వయస్సు చూపుటకు పాస్‌పోర్టు చాలును. మూడు దినముల టిక్కెట్టులో ఒక సదుపాయమున్నది. ఆ మూడు దినములును వరుసగా ఉండనక్కరలేదు, పది దినములలో ఏ మూడైనను కావచ్చును. పెద్దవారితో పోవువారికి ఇది వరమే. ఒక దినము చూచుట, ఒక దినము విశ్రాంతి. ఈ లెక్కన అక్కడ 5 దినములు చాలును. రెండవ దేశము, సరస్సు మీద పడవ షికారు విడిచిపెట్టినచో డబ్బు కూడ సరిపోవును.

మొదటి దినము పూర్తిగా ఆంగ్‌కోర్ వాట్ ఆలయమునకే. 'ఆంగ్‌కోర్' అను మాట మన 'నగర' శబ్దమే, వారి నాలుక మీద ఆ రూపము దాల్చినది. పన్నెండవ శతాబ్దపు పూర్వార్ధమున రెండవ సూర్యవర్మ విష్ణువు కొరకు ఈ ఆలయము కట్టించినాడు. చుట్టును 190 మీటర్ల వెడల్పు గల అగడ్త. ఆలయము పశ్చిమాభిముఖము. సింహాచలము ఎరిగినవారికి ఇది వింత గాదు, అప్పన్న గుడియు పడమటి ముఖముదే గదా! కాని ఈ పడమటి ముఖమువలన ఒక విశేషము. ఉదయమున సూర్యుడు గోపురముల వెనుక నుండి వచ్చును, అప్పుడు అవి నల్లని నీడలుగా మాత్రమే కన్పించును. ఆ నీడలను ఫోటో తీయుటకు అయిదు గంటలకే వేలమంది కొలని గట్టున చేరుదురు. మన కుటుంబము ఆ గుంపులో నిలువనక్కరలేదు. ఉదయము నేరుగా తూర్పు వసారా చేరవలెను. వెలుగు అప్పుడు అటు పడుచుండును. పడమటి ముఖమును సాయంకాలము చూడవలెను.

తూర్పు వసారాలో దక్షిణపు భాగమున క్షీరసాగరమథనము చెక్కబడి ఉన్నది. 49 మీటర్ల పొడవు. ఒకవైపు 92 మంది అసురులు, ఒకవైపు 88 మంది దేవతలు. నడుమ విష్ణువు, కూర్మము మీద మందరము. వాసుకి తల అసురులవైపు, తోక దేవతలవైపు. మన పురాణమున ఉన్నట్లే. ఇంతవరకు అమ్మగారికి ఎవ్వరును చెప్పనక్కరలేదు, ఆమెయే మనకు చెప్పును. కాని తోక చివర ఒక పెద్ద వానరుడు పట్టుకొని లాగుచుండును. మన కథలో అక్కడ కోతి లేదు. హనుమంతుడని కొందరు, సుగ్రీవుడని కొందరు అందురు. అసురుల వరుసలో రావణునివంటి బహుముఖుడు కూడ ఉన్నాడు. "త్రేతాయుగమువారు ఇక్కడికెట్లు వచ్చినారు?" అని ఆమె అడిగినచో తొందరపడి నోరు మూయించవద్దు. పండితులు అడుగు ప్రశ్నయు అదియే.

సాయంకాలము పడమటి వసారా. దక్షిణభాగమున కురుక్షేత్రము, అంపశయ్య మీద భీష్ముడు. ఉత్తరభాగమున లంకాయుద్ధము, హనుమంతుని భుజముల మీద నిలిచి బాణము వేయు రాముడు. జీవితమంతయు హరికథలు, బుఱ్ఱకథలు విన్న కళ్లకు ఈ గోడలు తెరచిన పుస్తకములు. ఒక్క సంగతి మాత్రము ముందుగా చెప్పవలెను. ఈ బొమ్మలను వరుసగా చూచుటకు ఆలయమును ఎడమచేతివైపు ఉంచుకొని నడువవలెను, అనగా అప్రదక్షిణము. రాజు మరణానంతరమునకు సంబంధించిన కట్టడము గనుక అట్లు చేసిరని కొందరు పండితుల ఊహ. అమ్మగారి మనస్సునకు అది కష్టమైనచో ఆమెను ప్రదక్షిణముగానే నడువనిండు. కథ వెనుకనుండి ముందునకు వచ్చును, అంతేగాని పోయినదేమియు లేదు.

నడిమి గోపురము చుట్టునున్న పైఅంతస్తునకు మెట్లు మిక్కిలి నిలువుగా ఉన్నవి. 12 ఏండ్లలోపు పిల్లలను పైకి పోనీయరు. బౌద్ధుల పుణ్యదినములలో ఎవ్వరిని పోనీయరు. ఆ దినములు తిథులనుబట్టి వచ్చును గనుక పౌర్ణమి, అమావాస్య, అష్టములు పంచాంగములో చూచుకొనుట మంచిది. భుజములు, మోకాళ్లు కప్పు దుస్తులుండవలెను. మన చీరకు, పంచెకు ఆటంకము లేదు. అమ్మగారు, మనుమడు క్రిందనే ఉండవలసివచ్చును. చింత లేదు, చూడవలసిన బొమ్మలన్నియు క్రిందనే ఉన్నవి.

రెండవ చూచు దినము ఉదయము బంతేయ్ స్రేయ్. పట్టణమునకు దూరముగా ఉన్నది. 967వ సంవత్సరమున ప్రతిష్ఠ జరిగిన చిన్న శివాలయము. కట్టించినది రాజు గాదు, యజ్ఞవరాహుడను పండితుడు. ఎఱ్ఱని ఇసుకరాయి, తూర్పు ముఖము, ఉదయపు వెలుగులో మెరయును. రావణుడు కైలాసము కదలించుట, ఖాండవము మీద ఇంద్రుడు వాన కురిపించుట, మన్మథుని దహనము, కృష్ణుడు కంసుని చంపుట, అన్నియు జానెడు జానెడు చెక్కడములలో ఉన్నవి. ఎత్తైన మెట్లు లేవు, దూరము నడువనక్కరలేదు. పెద్దవారికి నా దృష్టిలో ఆంగ్‌కోర్ అంతటిలో ఇంత అనుకూలమైన చోటు లేదు. విచిత్రమేమనగా ఆ అచ్చుకాగితములో ఇదియే లేదు!

మూడవ దినము ఉదయము తా ప్రోమ్, పిదప బయాన్. రెండును ఏడవ జయవర్మ కాలపువి. తా ప్రోమ్ గోడల మీదికి మహావృక్షముల వేళ్లు ప్రాకినవి. అందరు ఆ వేళ్లనే చూతురు. అక్కడి 1186 నాటి శాసనము ఆ రాజు రాజ్యమున 102 ఆరోగ్యశాలలు ఉన్నవని చెప్పుచున్నది. ఈ ఆలయపు జీర్ణోద్ధరణలో మన భారత పురావస్తుశాఖవారు పనిచేసినారు. అంతకు ముందు 1986 నుండి 1993 వరకు ఆంగ్‌కోర్ వాట్‌లోను పనిచేసినారు. బయాన్ వెలుపలి గోడల మీద దేవతలకన్న మనుష్యులే ఎక్కువ. చేపలమ్ము స్త్రీలు, కోడిపందెములు, వంటలు, ఎడ్లబండ్లు. సంక్రాంతి వెళ్లిన నెలలోపుననే కోడిపందెమును రాతి మీద చూచినచో మనుమనికి విసుగు పుట్టదు.

పడమటి బారాయ్ అను చెరువు వద్ద ఒక్కసారి బండి ఆపవలెను. పదకొండవ శతాబ్దపు త్రవ్వకము. 8 కిలోమీటర్ల పొడవు, 2 కిలోమీటర్లకు మించిన వెడల్పు. తాండవ జలాశయము క్రింద వ్యవసాయము ఎరిగినవారు, ఆ గట్టున నిలిచినప్పుడు ఆ గుళ్లు ఎవరి అన్నముతో లేచినవో వెంటనే గ్రహింతురు. ఈ సంగతి నాకు పుస్తకములు చెప్పినదానికన్న రైతులు చెప్పినదే బాగుగా తెలిసినది.

మిగిలిన ఆలయములు విడిచిపెట్టుడు. బఖెంగ్ కొండ ఎక్కి సూర్యాస్తమయము చూచుట కూడ విడిచిపెట్టుడు. సూర్యుడు గొలుగొండ కొండల వెనుక కూడ చక్కగనే అస్తమించును. విడుచుటకు మనసొప్పనివారు కృష్ణదేవిపేటను తలచుకొనవలెను. మీ మండలములోనే, 1924 మే 7న మరణించిన అల్లూరి సీతారామరాజు సమాధి అక్కడనున్నది. దూరము నుండి వచ్చువారు నడిమధ్యాహ్నము బండి దిగి, ఒక ఫోటో తీసికొని, మంపకు దారి యెటు అని అడిగి పోవుట మీరు చూచియే ఉందురు. వారిని చూచి మీకేమి తోచినదో ఆంగ్‌కోర్ జనులకు మనలను చూచి అదియే తోచును. అక్కడి నడివయస్సు దాటినవారు 1975 నుండి 1979 వరకు సాగిన ఘోరమును అనుభవించినవారు, లేదా ఆ ఇండ్లలో పుట్టినవారు. వారంతట వారు చెప్పినచో వినవలెను. మాటకు మాటగా అడుగవద్దు.

ఇక ఏర్పాట్లు. పాస్‌పోర్టుకు ఇంకను ఆరు మాసముల గడువుండవలెను. వీసా ఆ ప్రభుత్వపు సొంత వెబ్‌సైటునందే తీసికొనవలెను. అట్టి పేర్లతో దళారుల పుటలు చాల ఉన్నవి. విశాఖ నుండి సియెం రీపునకు నేరుగా విమానము లేదు, నడుమ ఒకచోట మారవలెను. బ్యాంకాకులో దిగి రోడ్డు మీద పోవుట చవుక అని కొందరు చెప్పుదురు, వినవద్దు. 2025 జులైలో ఆ సరిహద్దున యుద్ధమే జరిగి దారులు మూతపడినవి. బయలుదేరుటకు ముందు మన విదేశాంగశాఖవారి సూచనలు చూడవలెను. సియెం రీపునకు 2023 అక్టోబరులో తెరచిన కొత్త విమానాశ్రయము ఊరికి చాల దూరము; రాత్రివేళ దిగకుండ చూచుకొనుడు. ఊరిలో మోటారుసైకిలుకు తగిలించిన నలుగురు కూర్చుండు బండ్లు దొరకును. ఒక్క బండివానినే అన్ని దినములకు కుదుర్చుకొని, ఉదయము పదిన్నరకు తిరిగి బసకు చేర్చవలెనని, మరల మూడు గంటలకు రావలెనని ముందే ఒప్పందము చేసికొనవలెను. డాలర్లు చెల్లును గాని చిరిగిన నోటు, మడతపడి నలిగిన నోటు తీసికొనరు.

మన్యపు అంచున ఉండువారికి దోమను గూర్చి చెప్పనక్కరలేదు, తెర, లేపనము తీసికొనిపోవుదురు. మందులతోపాటు వైద్యుడు వ్రాసిన చీటి కూడ ఉండవలెను. అమ్మగారికి మడతపెట్టు చిన్న పీట ఒకటి. వసారాల యెదుట అది బంగారమే. ఆహారమునకు బియ్యపు అన్నమే, తాటిబెల్లము కూడ అక్కడ విరివిగా దొరకును, తాటిచెట్టు వారి జాతీయవృక్షము. కాని కూరలలో చేపల రసము, పులియబెట్టిన చేపముద్ద చెప్పకుండగనే పడును. శాకాహారులు ప్రతిచోట ముందుగా అడుగవలెను. కందిపొడి, పచ్చడి ఉన్నచో దిగులు లేదు. ఆవకాయ సీసాను మాత్రము చేతిసంచిలో పెట్టవద్దు. నూనె గలది గనుక తనిఖీలో తీసివేయుదురు. రెండు సంచులలో బిగించి, బట్టల పెట్టెలో నడుమ, పాత తువ్వాలు చుట్టి పెట్టుడు.